ఏనుగు మాల వేసిన మర్నాడు: అనుకోకుండా రాజైనవాడి మీద ఫాంటసీ నవల రాయడం ఎలా

జానపద కథల్లో రాజు వారసుడు లేకుండా పోతే మంత్రులు పట్టపుటేనుగు తొండానికి పూలమాల అందించి ఊరి మీదికి వదులుతారు. అది వీధులన్నీ తిరిగి, సత్రం అరుగు మీద తుండుగుడ్డ పరుచుకుని నిద్రపోతున్న బాటసారి మెడలో మాల వేస్తుంది. వాడు రాజవుతాడు, పదికాలాలపాటు చల్లగా ఏలుతాడు, కథ కంచికి వెళ్తుంది. మీరు రాయాల్సిన నవల ఆ మాల వాడిపోయాక మొదలవుతుంది. మర్నాడు పొద్దున్న వాడికి స్నానం ఎవరు చేయిస్తారు? కాళ్ల మీద పడ్డ ముసలి మంత్రిని లేవదీయొచ్చా, ముట్టుకోకూడదా? ఆకలేస్తే ఎవర్ని అడగాలి? జానపద కథకుడికి ఈ ప్రశ్నలతో పనిలేదు. మీకు మాత్రం నాలుగు వందల పేజీలకు సరిపడా సరుకు ఇదే.

చెన్నైలో ఉండే తెలుగువాళ్లయితే మీకు రెండు సౌకర్యాలు ఉన్నాయి. ఒక పూట ప్రయాణంలో ఇలాంటి రాజుల ఆనవాళ్లు రాతి మీద కనిపిస్తాయి. రెండోది, పరాయి భాష మధ్య బతకడం ఎలా ఉంటుందో మీకు ఒకరు చెప్పక్కర్లేదు. ఈ రెండింటినీ నవలలోకి ఎలా తెచ్చుకోవాలో చూద్దాం.

ముందు హక్కు సంగతి తేల్చండి

మీ నాయకుడు పరాయివాడు సరే, ఎంత పరాయివాడు? రక్తసంబంధమే లేనివాడు గద్దెనెక్కితే అది కుట్ర కథో తిరుగుబాటు కథో అవుతుంది. దాని దారి వేరు. నా లెక్కలో బలమైన రకం ఒక్కటే: హక్కు నూటికి నూరుపాళ్లు ఉండాలి, తయారీ మాత్రం శూన్యం. వాణ్ని దించేయడానికి ఎవరికీ సాకు దొరకదు, నెత్తిన పెట్టుకోవడానికి ఎవరికీ మనసొప్పదు. ఆ ఇరుకులోంచే ప్రతి సన్నివేశమూ పుడుతుంది.

మన తెలుగువాడి ఉదాహరణ ఒకటుంది. నన్నయ చేత భారతం రాయించిన రాజరాజ నరేంద్రుడి భార్య అమ్మంగదేవి, రాజేంద్ర చోళుడి కూతురు. 1070లో అధిరాజేంద్ర చోళుడు గద్దెనెక్కిన కొద్దికాలానికే పోయాడు. వేంగి నుంచి వచ్చిన ఆ నరేంద్రుడి కొడుకు చోళ సింహాసనం మీద కూర్చున్నాడు. చరిత్రకు అతను కులోత్తుంగ చోళుడు. అయితే అతన్ని మీ నాయకుడికి నమూనాగా తీసుకోకండి. కత్తి పట్టి ఆరితేరినవాడు, ఏం చేస్తున్నాడో తెలిసి వచ్చినవాడు. అతని నుంచి తీసుకోవాల్సింది కొలువులో వాళ్ల చూపు. తాతల కాలం నుంచి చోళులకు ఊడిగం చేసిన ఒక దండనాయకుడు, అమ్మ వైపు చుట్టరికంతో వచ్చిన ఈ మనిషిని మొదటిసారి చూసి మనసులో ఏమనుకుని ఉంటాడు? ఆ దండనాయకుడి తరఫున ఒక పేజీ రాసి పెట్టుకోండి. నవలలో వాడకపోయినా పర్వాలేదు, మీ కొలువుకు ప్రాణం వస్తుంది.

కథ కంచికి వెళ్లింది కదా, మీరూ వెళ్లండి

చెంగల్పట్టు మీదుగా కంచికి లోకల్ రైళ్లు కొన్ని ఉన్నాయి. పొద్దున్నే బయల్దేరండి. చాలా గుళ్లలాగే మీరు చూడాల్సిన గుడీ మధ్యాహ్నం మూసేస్తారు. మనవాళ్లు కంచి అనగానే కామాక్షి గుడికి, ఆ తర్వాత పట్టుచీరల కొట్టుకు వెళ్తారు. మీరు వైకుంఠ పెరుమాళ్ గుడికి వెళ్లండి. గర్భగుడి చుట్టూ ఉన్న స్తంభాల వసారాలో గోడ పొడవునా వరుసలుగా శిల్పాలుంటాయి. పల్లవ వంశం కథంతా అందులో ఉంది, మీ నవలకు కావలసిన కథ కూడా.

ఎనిమిదో శతాబ్దంలో రెండో పరమేశ్వరవర్మ వారసుడు లేకుండా పోయాడు. కంచి పెద్దలు, అధికారులు కలిసి వంశంలోని వేరే శాఖకు చెందిన హిరణ్యవర్మ దగ్గరికి వెళ్లారు. నీ కొడుకుల్లో ఒకణ్ని పంపించు అన్నారు. నలుగురు కొడుకులు. శ్రీమల్లుడు, రణమల్లుడు, సంగ్రామమల్లుడు ఒకరి తర్వాత ఒకరు వద్దన్నారు. చివరివాడు పల్లవమల్లుడు వెళ్తానన్నాడు. వాడికి పన్నెండేళ్లు. కంచికి తెచ్చి నందివర్మ అని పేరుపెట్టి పట్టం కట్టారు. ఆరు దశాబ్దాలకు పైగా ఏలాడు.

అక్కడ నిలబడి ఫోటోలు తీసుకోవడం సరే, మూడు పనులు చేయండి. ఒకటి, వద్దన్న ముగ్గురు అన్నల గురించి ఆలోచించండి. పేర్లలో రణం, సంగ్రామం పెట్టుకున్నవాళ్లు ఎందుకు వెనక్కి తగ్గారు? వాళ్లకు తెలిసిందేమిటి, తమ్ముడికి తెలియనిదేమిటి? నాకైతే ఈ కథలో అన్నిటికంటే బరువైన సంగతి ఇదే. మీ నవలలోనూ సింహాసనాన్ని కాదన్నవాడు ఒకడు ఉండాలి, వాడు తెలివైనవాడై ఉండాలి.

రెండు, ఈ గుడి కట్టించింది ఆ నందివర్మే. అంటే తన కథ తానే చెక్కించుకున్నాడు. ఆ గోడ మీద అతను భయపడ్డట్టు ఎక్కడా ఉండదు. కాబట్టి మీ నవలలో ఒక ఆస్థాన కవిని పెట్టండి. జరిగింది ఒకటి, ఆయన రాసేది ఇంకొకటి. రెండింటి మధ్య ఉన్న దూరాన్ని పాఠకుడికి అప్పుడప్పుడు చూపిస్తే చాలు, వ్యాఖ్యానం అక్కర్లేదు.

మూడు, ఆ తర్వాత ఏమైందో చదువుకోండి. తమిళ రాజులు ఈ రాజును నందిపురంలో ముట్టడించారు. అప్పుడు ఉదయచంద్రుడనే సేనాని వచ్చి విడిపించాడు, చిత్రమాయుడనే మరో పల్లవ రాజును చంపాడు. ఇంకోసారి చాళుక్య రెండో విక్రమాదిత్యుడు కంచినే పట్టుకున్నాడు. పట్టుకుని కూడా కైలాసనాథ గుడి సొత్తు ముట్టుకోకుండా గుడికే వదిలేశాడు, ఆ మాట కన్నడంలో శాసనంగా అక్కడే చెక్కించాడు. కొత్త రాజుకు ఇంతకంటే తలవంపులు ఏముంటాయి? శత్రువు దోచుకుంటే జనం మీ పక్కన నిలబడతారు. శత్రువు మర్యాదగా ప్రవర్తిస్తే జనం పోల్చి చూస్తారు. మీ నవలలో ప్రతినాయకుణ్ని మర్యాదస్తుణ్ని చేసి చూడండి, కథ ఎలా బిగుసుకుంటుందో.

శిల్పాలు ఇసుకరాతివి, చాలాచోట్ల అరిగిపోయాయి. ఈ శిల్పాల గురించి ఏదైనా పుస్తకం ముందే చదివి వెళ్లకపోతే ఏదీ అర్థం కాదు. ఇంకో మాట, కంచిలో చూసింది ఉన్నదున్నట్టు ఎత్తిరాయకండి. పేర్లు మార్చి, ఊరు మార్చి, రెండు మూడు సంఘటనలు కలిపి మీ సొంత రాజ్యం కట్టుకోండి.

తలుపు ఎవరి చేతిలో ఉందో రాసుకోండి

కొత్తగా రాసేవాళ్లు ముందు రాజ్యపటం గీస్తారు. కొండలు, నదులు, ఎడారి. అది తర్వాత గీసుకోవచ్చు. ముందు నగరు, అంటే రాజభవనం, పటం గీయండి. పడకగది ఎక్కడ, కొలువుతీరే హజారం ఎక్కడ, బొక్కసం తాళం ఎవరి మొలలో ఉంటుంది, వంటశాల నుంచి పళ్లెం రాజు ముందుకు రావడానికి ఎన్ని చేతులు మారుతుంది. ఒక్కో గుమ్మం దగ్గర ఒక్కో మనిషిని నిలబెట్టండి, పేరుతో సహా. ద్వారపాలకుడు, లేఖలు రాసే రాయసగాడు, రాజముద్ర దాచేవాడు, లెక్కలు చూసే సంప్రతి, తాంబూలం అందించే అడపంవాడు, వంటవాడు, అంతఃపురం చూసుకునే ముసలి కంచుకి.

వీళ్లలో అడపంవాణ్ని తక్కువ అంచనా వేయకండి. రాజు నోట్లోకి వెళ్లే ఆకువక్క వాడి చేతుల్లో ఉంటుంది, కాబట్టి విషం భయమంతా వాడి నమ్మకం మీదే ఆధారపడి ఉంటుంది. పైగా మంత్రాంగం జరుగుతున్నప్పుడు కూడా వాడు రాజు పక్కనే నిలబడి ఉంటాడు. అన్నీ వింటాడు, ఎవరూ వాణ్ని పట్టించుకోరు. పాత రాజు దగ్గర చేసిన అడపంవాడు కొత్త రాజుకూ అదే పని చేయాలా, మారిపోవాలా అన్నదాని మీదే మీరు రెండు అధ్యాయాలు రాయొచ్చు.

రాజు దగ్గరికి దారి ఎలా దొరుకుతుందో తెలుసుకోవాలంటే వైష్ణవ సంప్రదాయంలోని యామునాచార్యుల కథ చూడండి. వాదంలో గెలిచి అర్ధరాజ్యం పొందిన పండితుడాయన, అంటే ఆయనా బయటినుంచి వచ్చి రాజైనవాడే. భోగాల్లో మునిగిపోయాడు. ఆయన్ని కలుసుకోవాలని వచ్చిన రామమిశ్రుడనే గురువుకు లోపలికి అనుమతి లేదు. ఆయన ఏం చేశాడు? వంటశాల వాళ్లను పట్టుకుని రోజూ ముళ్లముస్తె కూర తెచ్చి ఇవ్వడం మొదలుపెట్టాడు. చెన్నై బజార్లలో తూదువళై అని అమ్ముతారే, ఆ ఆకు. రాజు దాని రుచి మరిగాక ఒకరోజు తేవడం మానేశాడు. ఇవాళ కూర ఏది అని రాజే అడిగాడు, తెచ్చే మనిషిని పిలిపించమన్నాడు. సేనలు చేయలేని పని ఆకుకూర చేసింది. మీ నవలలో రాజును చేరే దొంగదారి ఏమిటో ఇంత చిన్నదిగా, ఇంత ఇంటి సంగతిగా ఆలోచించండి.

అదే యామునుడు కొడుక్కి రాజ్యం అప్పగిస్తూ చెప్పిన రాజనీతిని కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద నాలుగో ఆశ్వాసంలో పద్యాలుగా పెట్టాడు. మీ మంత్రి పాత్ర మాట్లాడేముందు వాటిని ఓపిగ్గా చదవండి. రాజ్యం చేసినవాడు రాసిన పద్యాలు కాబట్టి వాటిలో గాలిమాటలు తక్కువ.

తర్వాత రాజుగారి ఒక్కరోజును ఘడియలుగా విడగొట్టండి. ఘడియ అంటే 24 నిమిషాలు, జాము అంటే మూడు గంటలు. కౌటిల్యుడు పగటిని ఎనిమిది భాగాలు, రాత్రిని ఎనిమిది భాగాలు చేసి రాజుకు పనులు పంచాడు. రాత్రి మొదటి భాగంలో వేగులవాళ్లను కలవాలి, మూడో భాగంలో వాద్యాల మోత మధ్య పడకగదికి వెళ్లాలి, నాలుగు అయిదు భాగాలు నిద్ర, ఆరో భాగంలో మళ్లీ వాద్యాల మోతతో లేవాలి. అంటే కంటినిండా నిద్ర మూడు గంటలు. నిన్నటిదాకా పొలం గట్టున పడుకుని నక్షత్రాలు చూసినవాణ్ని ఇందులోకి తోయండి. పదో రోజుకు వాడి నిర్ణయాలు ఎలా ఉంటాయో మీకే తెలుస్తుంది. అలసట లేని రాజు నవలలో పనికిరాడు.

వాడి తెలియనితనాన్ని తొందరగా పోగొట్టకండి

ఇక్కడే ఎక్కువ నవలలు చెడిపోతాయి. మూడో అధ్యాయంలో తడబడినవాడు ఆరో అధ్యాయానికల్లా మంత్రులకు నీతులు చెబుతుంటాడు. పల్లెటూరి ఇంగితంతో రాజధాని చిక్కుముడులన్నీ విప్పేస్తాడు. చప్పట్లు పడతాయి, నవల చచ్చిపోతుంది. వాడికి తెలియకపోవడమే పాఠకుడికి ఆ నగరులోకి తలుపు. వాడు నేర్చుకునే వేగంలోనే పాఠకుడూ నేర్చుకోవాలి.

దీనికి నేను పాటించే పద్ధతి: ప్రతి అధ్యాయంలో వాడు ఒక పొరపాటు చేయాలి, దాని ఖరీదు ఇంకొకరు కట్టాలి. దాహమేసి వేళకానివేళ నీళ్లు అడిగాడనుకోండి. రాజు నోరు తెరిచి అడగాల్సి వచ్చిందంటే నీళ్లు అందించేవాడు విధి మరిచినట్టే. మర్నాటికి ఆ కుర్రవాడు కనిపించడు. ఎక్కడికి పోయాడని అడిగితే ఎవరూ సూటిగా చెప్పరు. ఇక రెండోసారి దాహమేసినప్పుడు మీ రాజు ఏం చేస్తాడు? ఈ ఒక్క సంఘటనతో అధికారం అంటే ఏమిటో పాఠకుడికి గొంతులో తగులుతుంది.

ఇంకో జాగ్రత్త. వాడు అడిగిన ప్రతిదానికీ పక్కనున్నవాళ్లు పూర్తి జవాబు చెప్పకూడదు. సగం చెబుతారు, తమకు లాభమైన సగం. రాయసగాడు చెప్పిన సగమూ కంచుకి చెప్పిన సగమూ కలవకపోతే మరీ మంచిది.

మాటతీరు మీద ఎక్కువ రోజులు కూర్చోండి

మన చెవుల్లో జానపద సినిమాల రాజదర్బారు మోగుతూ ఉంటుంది. అందులో చాలాభాగం ఈ చెన్నై వడపళని స్టూడియోల్లో పుట్టిందే. మహాప్రభో, తుచ్ఛుడా, ఎవరక్కడ లాంటివి కలం పట్టగానే వాటంతటవే వచ్చేస్తాయి. మొదటి ప్రతిలో రానివ్వండి, రెండో ప్రతిలో ఏరేయండి. మొత్తం వాడుకభాషలో రాసినా ఇబ్బందే, సామంతరాజు పక్కింటి బాబాయిలా వినిపిస్తాడు.

నేను చెప్పేది ఏమిటంటే, కొలువును మాట మర్యాదల మెట్లుగా విడగొట్టుకోండి. ఒకరు ఏలినవారు అంటారు, ఒకరు తమరు అంటారు, రాజుకు పెదనాన్న వరసైన ముసలి సామంతుడు మీరు అని ఊరుకుంటాడు, అదీ సభలో నలుగురి ముందు. పెంచిన దాది ఒక్కతే నువ్వు అంటుంది. నవల మధ్యలో ఒకరోజు ఆమె కూడా నలుగురి ముందు తమరు అన్నదనుకోండి, మీ నాయకుడి ఒంటరితనం గురించి ఇక ఒక్క వాక్యం కూడా రాయనక్కర్లేదు. పేరు సంగతీ ఇంతే. పల్లవమల్లుడు నందివర్మ అయినట్టు మీవాడికీ పట్టాభిషేకంలో కొత్త పేరు వస్తుంది. కొలువంతా ఆ పేరుతో పిలవనివ్వండి, కథనంలో మాత్రం పాత పేరే ఉంచండి. కథనం కూడా కొత్త పేరుకు ఎప్పుడు మారాలో, అసలు మారాలో వద్దో మీ నవలే చెబుతుంది.

చెన్నైలో పెరిగిన తెలుగు పిల్లలు విజయవాడలో పెళ్లికి వెళ్తే, నోరు తెరవగానే "అరవ యాస వస్తోందే!" అని ఎవరో ఒకరు నవ్వుతారు. ఇక్కడ టీకొట్టు దగ్గర తమిళం మాట్లాడితే "ఊరు ఏది?" అని అడుగుతారు. అటూ ఇటూ కాని ఆ నాలుక మీ నాయకుడికి ఇవ్వండి. సరిహద్దు ఊళ్లో పెరిగినవాడు రాజధాని భాషను తప్పుల్లేకుండానే మాట్లాడతాడు, కానీ యాస పట్టిస్తుంది. యాసను వింత వింత అక్షరాలతో రాయకండి, రెండు పేజీలకే విసుగొస్తుంది. వాడు మాట్లాడిన తర్వాత ఎదుటివాళ్లు జవాబు చెప్పడానికి తీసుకునే ఆ చిన్న ఆలస్యాన్ని రాయండి.

లెక్కలు అడిగే సన్నివేశం

పరాయివాడికి ఏమీ తెలియదనుకోవడం పొరపాటు. నగరు సంగతి తెలియదు, తన ఊరి సంగతి బాగా తెలుసు. కంచికి వెళ్లిన వేడిలోనే ఇంకో రోజు ఉత్తరమేరూరు వెళ్లిరండి. అక్కడ కూడా వైకుంఠ పెరుమాళ్ పేరుతోనే ఒక గుడి ఉంది, రెండింటినీ కలిపేయకండి. మొదటి పరాంతక చోళుడి కాలం నాటి, 919, 921 సంవత్సరాల శాసనాలు దాని గోడల మీద ఉన్నాయి. ఊరి సభకు మనుషుల్ని ఎలా ఎన్నుకోవాలో వాటిలో రాశారు. పేర్లు రాసిన తాటాకులు కుండలో వేసి, చిన్నపిల్లాడి చేత తీయించేవారు. వయసు 35కూ 70కీ మధ్య ఉండాలి. ముందు పదవిలో ఉండి లెక్కలు అప్పజెప్పనివాడు, వాడి దగ్గరి బంధువులు నిలబడటానికే వీల్లేదు.

ఇలాంటి ఊళ్లో పెరిగినవాడు రాజయ్యాడనుకోండి. మొదటివారం బొక్కసం అధికారిని పిలిచి, అమాయకంగా, నిరుటి లెక్కలు చూపించమంటాడు. వాడికి అది మామూలు మాట. కొలువులో మాత్రం గాలి ఆగిపోతుంది. ఈ రాజవంశంలో ఆ మాట అడిగినవాడే లేడు. ఇక్కడ నాయకుడి బలమూ వాడి అజ్ఞానమూ ఒకటే అయిపోయాయి చూడండి. నవలలో ఇలాంటిది ఒక్కటే ఉండాలి, రెండుంటే వాడు మళ్లీ సర్వజ్ఞుడైపోతాడు.

కులోత్తుంగుడికి సుంకాలు ఎత్తేసినవాడని బిరుదు ఉంది. మీ రాజు కూడా జనం మెప్పుకోసం ఒక సుంకం ఎత్తేయొచ్చు. అప్పుడు ఆ సుంకం వసూలు చేసుకు బతికే రేవు అధికారి ఏమవుతాడు, దానితో జీతమిచ్చే కోట కావలివాళ్లకు ఎవరిస్తారు అని సంప్రతి చేత అడిగించండి. జవాబు తెలియక రాజు రాత్రంతా మేలుకుంటే యుద్ధ సన్నివేశం కంటే అదే రక్తికడుతుంది.

మాయ గురించి క్లుప్తంగా

ఫాంటసీ కాబట్టి మాయ ఉంటుంది. ఉండనివ్వండి, కానీ ఎవర్ని నమ్మాలో రాజుకు చెప్పే మాయ ఉండకూడదు. అది ఉంటే కథే లేదు. భోజరాజు విక్రమార్కుడి సింహాసనం ఎక్కబోతే ఒక్కో మెట్టు దగ్గర ఒక్కో సాలభంజిక ఆపి, నీకు ఆ అర్హత ఉందా అని అడుగుతుంది. 32 బొమ్మలు. ఆ మాయ రాజుకు సాయం చేయదు, అడ్డుపడుతుంది. ఆ దారిలో ఆలోచించండి.

రాయడం, దిద్దడం

చదవాల్సినవి ఇంట్లో దొరకకపోతే ఎగ్మూరులోని కన్నెమరా గ్రంథాలయానికి వెళ్లండి. 1896 నుంచి ఉన్న గ్రంథాలయం. మరీ లోతుకు దిగాలనుకుంటే ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో తెలుగు తాళపత్రాలూ స్థానిక చరిత్రలూ ఉన్నాయి. అయితే ఒక హద్దు పెట్టుకోండి. పరిశోధన పేరుతో ఏళ్లు గడిపి ఒక్క అధ్యాయం రాయనివాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. కంచి, ఉత్తరమేరూరు, ఒక రాజనీతి పుస్తకం, ఇవి చాలు మొదటి ప్రతికి. మిగతావి ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడ వెతుక్కోవచ్చు.

పేర్లు తగ్గించండి. ఈ రకం నవలల్లో పాఠకుడు ఓడిపోయేది పేర్ల దగ్గరే. ఒకే అక్షరంతో మొదలయ్యే పేర్లు ఇద్దరికి పెట్టకండి. వర్మలు, సేనలు, దేవులు వరసగా వస్తుంటే ఎవరెవరో గుర్తుండరు. ఒకణ్ని పేరుతో, ఒకణ్ని పదవితో, ఒకణ్ని ఊరి పేరుతో పిలిస్తే తేలికవుతుంది.

మొదటి ప్రతి అయ్యాక ఇద్దరికి ఇవ్వండి. ఒకరు చరిత్ర బాగా తెలిసినవాళ్లు, ఇంకొకరు ఫాంటసీ ఎప్పుడూ చదవనివాళ్లు. ఇద్దరినీ ఒకటే అడగండి: రాజువి కావాలన్న కబురు రాకపోయి ఉంటే ఆ రోజు సాయంత్రం వీడు ఏం చేస్తూ ఉండేవాడు? చెప్పలేకపోతే మొదటి అధ్యాయానికి ముందు ఇంకో అయిదారు పేజీలు కావాలి. వాడి ఊరు, వాడి అప్పు, వాడు పెళ్లిచూపులకు వెళ్లాల్సిన ఇల్లు, చేతిలో సగంలో ఆగిన పని. రాజధాని నుంచి గుర్రాలు వచ్చేది ఆ పేజీలు అయ్యాకే.